జె.ఎల్. కార్: 55 ఏళ్లకే హెడ్మాస్టరు కుర్చీ దిగేసి ఇంట్లోంచే పుస్తకాలు అచ్చేసుకున్న నవలాకారుడు

చదువరి77 (శనివారం, రాత్రి 9:20)

1980 బుకర్ ప్రైజు ఫైనల్ లిస్టు చూస్తుంటే ఒక తమాషా కనిపించింది. అందులో ముగ్గురు ఒకప్పుడు బడిపంతుళ్లే. విలియం గోల్డింగ్, ఆంథొనీ బర్జెస్, జె.ఎల్. కార్. ప్రైజు గోల్డింగ్‌కి వెళ్లింది. గెలిచానో లేదో ముందే చెబితే తప్ప ఫంక్షన్‌కి రానని బర్జెస్ భీష్మించుకున్నాడట. మూడో ఆయన పేరు మాత్రం మన వాళ్లెవరూ ఎత్తగా వినలేదు. నేనూ ఈ మధ్యే చదివాను, 'ఎ మంత్ ఇన్ ది కంట్రీ'. చిన్న నవల. ఒక్క ఆదివారం మధ్యాహ్నం సరిపోయింది. తర్వాత వారం రోజులు ఇంకో పుస్తకం పట్టబుద్ధి కాలేదు.

మనిషి గురించి క్లుప్తంగా: 1912లో ఉత్తర ఇంగ్లండులో యార్క్‌షైర్‌లో, థర్స్క్ జంక్షన్ దగ్గర పుట్టాడు. తండ్రి రైల్వే ఉద్యోగి, మెథడిస్టు కుటుంబం. 1952 నుంచి 1967 దాకా కెట్టరింగ్ అనే ఊళ్లో హైఫీల్డ్స్ ప్రైమరీ స్కూల్ హెడ్మాస్టరు. మొత్తం ఎనిమిది నవలలు. 1994లో అదే ఊళ్లో పోయాడు.

నాకొచ్చిన సందేహం ఒకటే. ఇలాంటి మనిషికి బడి ఉద్యోగం మేలు చేసిందా, కాలం తినేసిందా? ఇక్కడ టీచర్లు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

లెస్టర్‌గోదారి (శనివారం, రాత్రి 10:05)

ఆహా, మా పక్క ఊరాయన! లెస్టర్ నుంచి లండన్ వెళ్లే రైల్లో కెట్టరింగ్ అరగంట దూరం. పదకొండేళ్లుగా ఆ స్టేషన్ మీదుగా తిరుగుతూ కూడా ఇలాంటి రచయిత ఒకడున్నాడని నాలుగేళ్ల కిందటిదాకా నాకు తెలీదు.

మీ ప్రశ్నకి ఆయనే ఒక జవాబు చెప్పాడు, అదీ ఉద్యోగం రాకముందే. కుర్రతనంలో లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ కాలేజీకి టీచర్ ట్రైనింగ్ ఇంటర్వ్యూకి వెళ్లాడు. టీచర్ ఎందుకు అవ్వాలనుకుంటున్నావని అడిగారు. మిగతా పనులు చేసుకోడానికి బోలెడంత టైమ్ దొరుకుతుంది కదా అన్నాడు. సీటు ఇవ్వలేదు. ఇస్తారా మరి!

కథ అక్కడితో అవలేదు. నలభై ఏళ్లు దాటాక, 'ఎ మంత్ ఇన్ ది కంట్రీ'తో పేరొచ్చాక, అదే కాలేజీ వాళ్లు వచ్చి ప్రసంగించమని పిలిచారు. నా మాటలు వినే అవకాశం మీకు ఒకసారి వచ్చింది, పోగొట్టుకున్నారు అని జవాబు రాశాడు. నలభై ఏళ్లు కడుపులో దాచుకున్నాడంటే చూడండి.

బడిగంట (శనివారం, రాత్రి 10:41)

లెస్టర్‌గోదారి గారూ, పొట్ట చెక్కలయ్యేలా నవ్వించారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను ఇంటర్వ్యూల్లో కూర్చున్నాను, ఇంటర్వ్యూలు చేశాను కూడా. "సమాజ సేవ", "భావి పౌరులు" తప్ప ఇంకో జవాబు విన్న పాపాన పోలేదు. నిజం చెప్పిన మొదటి అభ్యర్థి ఈయనే అయ్యుంటాడు.

కానీ బాబూ, టైమ్ దొరుకుతుందన్నది మాత్రం బయటివాళ్ల భ్రమ. "మాస్టారికేం, నాలుగింటికి బెల్లు కొడితే ఇల్లే కదా" అని ఊరంతా అంటుంది. హెచ్‌ఎం అయ్యాక చూడండి. మా బళ్లో బోరు మోటారు కాలిపోతే బాగు చేయించడానికి ఎన్ని కాగితాలు రాశానో, ఆ ఫైలు దాచుకుని ఉంటే ఈపాటికి ఒక నవల.

నల్లబల్ల (శనివారం, రాత్రి 11:02)

> ఆ ఫైలు దాచుకుని ఉంటే ఈపాటికి ఒక నవల

మాస్టారూ, కార్ సరిగ్గా అదే చేశాడు! 1972లో వచ్చిన 'ది హార్పోల్ రిపోర్ట్' మొత్తం అంతే. మామూలు అధ్యాయాలు కావు. స్కూలు లాగ్ బుక్‌లో రాతలు, విద్యాశాఖ ఆఫీసుకి ఉత్తరాలు, వాళ్ల జవాబులు, తల్లిదండ్రుల చీటీలు, టీచర్ల నోట్లు. జార్జ్ హార్పోల్ అనే ఆయనకి ఒక చర్చి ప్రైమరీ బడికి తాత్కాలిక హెడ్మాస్టరుగా పోస్టింగ్. పైన ఆఫీసుకి కాగితం కావాలి, కింద థీకర్ అనే కేర్‌టేకర్‌కి తన మాట నెగ్గాలి. మధ్యలో ఎమ్మా ఫాక్స్‌బరో అనే కొత్త టీచరమ్మ, చదువు ఎక్కువ, భయం తక్కువ.

నేను ఎస్‌జీటీని, అంటే ప్రైమరీ బడి టీచర్ని. ఆ పుస్తకం చదువుతుంటే మా స్టాఫ్ రూమ్ కిటికీలోంచి ఎవరో తొంగి చూసి రాసినట్టనిపించింది. తాళాలు ఎవరి దగ్గరుంటే బడి వాళ్లదే అన్న సంగతి ఇంగ్లండులో కూడా ఇంతేనా అనుకున్నాను.

అనుమానం (ఆదివారం, ఉదయం 7:15)

అందరూ మురిసిపోతున్నారు గానీ ఒక్కసారి లెక్క చూడండి.

ఎ డే ఇన్ సమ్మర్ 1963లో, ఎ సీజన్ ఇన్ సింజి 1967లో వచ్చాయి. ఈ రెండే ఉద్యోగంలో ఉండగా రాసినవి. తర్వాత హార్పోల్ 1972, స్టీపుల్ సిండర్‌బీ ఫుట్‌బాల్ నవల 1975, మంత్ ఇన్ ది కంట్రీ 1980, పొలాక్స్ క్రాసింగ్ 1985, హెటీ 1988, మళ్లీ హార్పోల్-ఫాక్స్‌బరో 1992. ఆరు. మొదటి నవల వచ్చేసరికి ఆయనకి 51 ఏళ్లు. మేలైన నవల 68వ ఏట. ఉద్యోగం కాలం తిన్నదా అని అడగడం ఏమిటి, అన్నం పెట్టి ఆయుష్షు లాక్కుంది. ఆయన కూడా అది గ్రహించే 55కే మానేశాడు.

గోల్డింగ్ సంగతీ అంతే. సాలిస్‌బరీలో బిషప్ వర్డ్స్‌వర్త్ స్కూల్లో ఏళ్ల తరబడి ఇల్లు గడవడానికి పాఠాలు చెప్పాడు. దీవిలో చిక్కుకున్న బడిపిల్లల కథ 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్'ని ఎందరో పబ్లిషర్లు తిప్పి కొట్టారు. చివరికి ఫేబర్ సంస్థలో చార్ల్స్ మాంటీత్ అనే కుర్ర ఎడిటర్ పక్కన పడేసిన కట్టలోంచి తీసి చదివాడు. అలా 1954లో బయటికొచ్చింది. నాలుగు డబ్బులు కనబడ్డాక ఆయన బడి ముఖం మళ్లీ చూడలేదు.

నల్లబల్ల (ఆదివారం, ఉదయం 8:30)

అనుమానం గారూ, మీ లెక్క కరెక్టే, తీర్పే తేడాగా ఉంది. బడి వదిలాక రాసిన ఆరింటిలో ఏమున్నాయో చూడండి. హార్పోల్ బడి కథ. పొలాక్స్ క్రాసింగ్ అమెరికా వెళ్లిన ఇంగ్లీషు టీచరు కథ. ఫుట్‌బాల్ నవలలో పల్లెటూరి జట్టుని గెలిపించే సిద్ధాంతాలు కనిపెట్టేది ఆ ఊరి హెడ్మాస్టరు, హంగరీ నుంచి వచ్చిన డాక్టర్ కొషూత్. చివరి నవలలో హార్పోల్, ఎమ్మా కలిసి పబ్లిషర్లవుతారు. బడిలో పనిచేయకుండా ఇవన్నీ ఎక్కణ్ణుంచి వస్తాయి?

ఇక గోల్డింగ్! ఆ మగపిల్లల్ని ఏళ్ల తరబడి దగ్గర్నుంచి చూడకపోతే ఆ దీవి మీద పిల్లలు అంత నిజంగా ఉండేవాళ్లా? ఆయన పని చేసిన బడి కెథీడ్రల్ ఆవరణలోనే ఉంటుంది. నవలలో వేటగాళ్లయ్యేది చర్చిలో పాటలు పాడే పిల్లలు. ఊరికే తట్టిన ఊహంటారా? స్కూలు నోటు పుస్తకాల్లోనే నవలలు రాసుకునేవాడు కూడా. పిల్లలు ఆయనకి 'స్క్రఫ్' అని పేరు పెట్టుకున్నారు. మన భాషలో మాసిన గడ్డం మాస్టారు అనుకోండి.

అనుమానం (ఆదివారం, ఉదయం 8:44)

సరుకు బడిలోది, ఒప్పుకుంటాను. వండుకునే తీరిక బడి ఇచ్చిందా అన్నదే నా ప్రశ్న.

క్రికెట్‌రామం (ఆదివారం, ఉదయం 9:10)

నాకు సాహిత్యం గొడవలు పెద్దగా తెలీవు. నేను కార్ దగ్గరికి క్రికెట్ దారిలో వచ్చాను. 1977లో ఇంగ్లండు వింత క్రికెటర్ల మీద ఒక బుల్లి నిఘంటువు వేశాడు. ఎవడెన్ని పరుగులు కొట్టాడన్నది ఆయనకి అక్కర్లేదు, ఎవడెంత తిక్కమనిషన్నదే ముఖ్యం. అది పట్టుకున్నాక 'ఎ సీజన్ ఇన్ సింజి' వెతుక్కున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళంలో చేరితే ఆయన్ని ఫొటోలు తీసే పనికి పశ్చిమ ఆఫ్రికా పంపారు. ఆ ఎండలో, ఆ ఏమీ తోచని క్యాంపులో, ఆఫీసర్ల మీద కసినంతా మనుషులు క్రికెట్ గ్రౌండ్‌లో తీర్చుకోవడమే ఆ నవల. క్రికెట్ మీద ఇంగ్లీషులో వచ్చిన నవలల్లో నేను చదివిన వాటికి అదే పైమెట్టు. ఎవరైనా కాదంటే వాదించడానికి రెడీ.

ఫుట్‌బాల్ నవల వెనక కూడా సొంత అనుభవమే ఉంది. గోల్డ్‌స్మిత్స్ వాళ్లు కాదన్నాక ఏడాది పాటు సౌత్ మిల్‌ఫర్డ్ అనే పల్లెలో ట్రైనింగ్ లేని టీచరుగా చేశాడు. ఊరి జట్టు వైట్ రోజ్‌లో ఆడాడు. ఆ ఏడు ఆ జట్టు ఒక లోకల్ టోర్నమెంట్ కొట్టింది. నలభై అయిదేళ్లు గడిచాక అదే కాగితం మీద ఎఫ్ఏ కప్ (ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో పెద్ద కప్పు) అయింది! మా ఊళ్లో సంక్రాంతి కప్పు గెలిచిన కుర్రాళ్లు ఇప్పటికీ అదే రంజీ ట్రోఫీలా చెప్పుకుంటారు, ఒక్కడూ పుస్తకం రాయలేదు.

లెస్టర్‌గోదారి (ఆదివారం, మధ్యాహ్నం 1:25)

అమెరికా సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత డడ్లీలో ట్రైనింగ్ దొరికింది. టీచరయ్యాడు. 1938లో ఎక్స్‌చేంజ్ మీద సౌత్ డకోటాలో హ్యూరన్ అనే ఊరికి వెళ్లాడు. ఇక్కడే కిటుకుంది. జీతం ఇంగ్లండుదే, ఖర్చులు మాత్రం అమెరికావి. ఏడాది పొడవునా చేతిలో డబ్బుల్లేక అవస్థ పడ్డాడు. ఈ ఫోరంలో ఆన్‌సైట్ వెళ్లి ఇండియా జీతం మీద బతికిన వాళ్లకి ఆ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

అంత పడ్డా ఆ ఊరిని మర్చిపోలేదు. హెడ్మాస్టరుగా ఉండగానే 1957లో మళ్లీ వెళ్లాడు. ఆ ప్రాంతపు పాత కాపుల మీద 'ది ఓల్డ్ టైమర్స్' అని ఒక చరిత్ర పుస్తకం సొంతంగా వేశాడు. నవలాకారుడు కాకముందే పబ్లిషరయ్యాడన్నమాట. పొలాక్స్ క్రాసింగ్ నవల పుట్టింది ఆ మట్టిలోనే. దానికీ 1985లో బుకర్ ఫైనల్ లిస్టులో చోటు దొరికింది. అప్పుడూ ప్రైజు రాలేదు లెండి.

బడిగంట (ఆదివారం, సాయంత్రం 5:50)

55కి మానేశాక ఏం చేసి బతికాడు? పెన్షన్ ఉందా? పిల్లా పాపా ఉన్న మనిషి కదా. నవలల మీద ఇల్లు గడవదని ఇక్కడ అందరికీ తెలుసు. అనుమానం గారన్నట్టు కాలం కోసం మానేస్తే సరే, సోమవారం పొద్దున కూరగాయలకి డబ్బులెవరిస్తారు?

లెస్టర్‌గోదారి (ఆదివారం, రాత్రి 8:12)

మాస్టారూ, మంచి చోట పట్టుకున్నారు. నాకు కార్ అంటే ఇష్టం కలిగింది అక్కడే.

1966లోనే క్విన్స్ ట్రీ ప్రెస్ అని పేరు పెట్టుకున్నాడు. ప్రెస్ అంటే బిల్డింగులూ మిషన్లూ అనుకునేరు. మామూలు ఇల్లు. అక్కడ కూర్చుని ఇంగ్లండు జిల్లాల మ్యాపులు చేత్తో గీసేవాడు. దారి వెతుక్కోడానికి పనికిరావు అవి. ఎక్కడ ఏ కవి పుట్టాడు, ఏ చర్చిలో ఏ విగ్రహం ఉంది, ఏ ఊళ్లో ఏ పిచ్చి పని జరిగింది, ఇవన్నీ ఇరికించి ఇరికించి రాసేవాడు. గోడకి తగిలించుకుని నలుగురూ కబుర్లాడుకోడానికన్నమాట.

వాటితో పాటు బుల్లి పుస్తకాలు. నా దగ్గర ఒకటుంది, జాన్ క్లేర్ కవితలది. ఇప్పుడే తీసి పక్కన పెట్టుకుని రాస్తున్నాను. చొక్కా జేబులో బస్ టికెట్టు పెట్టుకునే చోట పడుతుంది. పదహారు పేజీలు, మధ్యలో రెండు పిన్నులు. అట్ట మామూలు పోస్టుకార్డు మందం. ఎడం చేత్తో పట్టుకుంటే బొటనవేలు కింద సగం పేజీ పోతుంది, వేలు జరుపుకుంటూ చదవాలి. చలికాలం పడకగదిలో చదువుకోడానికి చేశానని ఆయనే చెప్పుకున్నాడు. దుప్పట్లోంచి ఒక్క చెయ్యి, అదీ మణికట్టు దాకా బయట పెడితే చాలట. హీటర్ బిల్లు చూసినప్పుడల్లా నాకు ఈ మాట గుర్తొస్తుంది.

కవుల పుస్తకాలు, రాజుల రాణుల నిఘంటువులు, ఇలా బోలెడు వేశాడు. ఎక్కువ భాగం అలా వచ్చిన చిల్లరతోనే. నవలలకి పెద్ద పబ్లిషర్లున్నా వాళ్లతో ఆయనకి పొసగలేదు. హక్కులు తిరిగి కొనుక్కుని తన నవలలు తనే అచ్చేసుకున్నాడు. 1988 నాటి 'వాట్ హెటీ డిడ్' నుంచి నేరుగా తన ప్రెస్సులోనే. అప్పటికి బుకర్ ఫైనల్ లిస్టులో రెండుసార్లు ఉన్న మనిషి!

శ్రీకాకుళం_సీమ (ఆదివారం, రాత్రి 9:03)

చదువుతుంటే మా కారా మాస్టారు గుర్తొస్తున్నారు. కాళీపట్నం రామారావు గారు విశాఖ సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో మూడు దశాబ్దాలు లెక్కలు చెప్పారు. 'యజ్ఞం' కథ రాసినప్పుడూ బడిపంతులే. తర్వాత తన రాత పక్కన పెట్టి 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి, ఊరూరా తిరిగి పాత పత్రికలు పోగేశారు. కార్ మ్యాపులూ ఇంతే. లెక్కల మాస్టారికి, హెడ్మాస్టరుకి రిజిస్టర్లు రాసే చెయ్యి ఊరుకోదనుకుంటా.

మోడరేటర్ (ఆదివారం, రాత్రి 9:20)

కారా మాస్టారి మీద వేరే చర్చ ఉంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ కార్ గారు మాత్రమే. (పోలిక బావుంది, అందుకే తీసెయ్యడం లేదు.)

చదువరి77 (సోమవారం, ఉదయం 6:40)

నేను మొదలుపెట్టి నేనే మాయమయ్యాను, క్షమించండి. 'ఎ మంత్ ఇన్ ది కంట్రీ' గురించి ఒక్క మాట చెప్పాలి. ఎవరైనా చదవకపోతే ముగింపు చెప్పను.

1920 వేసవి. టామ్ బర్కిన్ మొదటి ప్రపంచ యుద్ధం నుంచి బతికి బయటపడ్డాడు. ముఖంలో ఒక పక్క నరం అదురుతూ ఉంటుంది. పెళ్లాం వదిలేసి పోయింది. ఆక్స్‌గాడ్‌బీ అనే ఊరి చర్చిలో సున్నం పొరల కింద మరుగున పడ్డ పాత గోడ చిత్రాన్ని బయటికి తీసే పని దొరికింది. గంట కట్టే పైగదిలోనే పడక. బయట పొలంలో మూన్ అనే ఇంకో మాజీ సైనికుడు ఒక పాత సమాధి కోసం తవ్వుతుంటాడు. ఆ ఊరి స్టేషన్ మాస్టర్ ఎల్లర్‌బెక్ కుటుంబం బర్కిన్‌కి అన్నం పెట్టి ఆదరిస్తుంది. మెథడిస్టు కుటుంబం, రైల్వే ఉద్యోగం. కార్ తన ఇంటినే అక్కడ పెట్టాడని చదివేవాళ్లకి ఇట్టే తెలుస్తుంది. వాళ్లంతా కలిసి చాపెల్ కోసం ఆర్గన్ కొనడానికి రిపన్ వెళ్లే భాగం ఉంది. సంతకి ఎద్దుని కొనడానికి వెళ్లినంత హడావిడి.

రోజుకి గోడ మీద జానెడు మేర సున్నం గీకుతాడు. కింద రంగు కనిపిస్తుంది, ముఖం కనిపిస్తుంది. నవల కూడా అలాగే నడుస్తుంది. 1987లో సినిమాగా తీశారు, కోలిన్ ఫర్త్, కెన్నెత్ బ్రానా ఇద్దరూ కుర్రాళ్లు అప్పటికి.

చర్చి మీద ఆయనకి నిజంగానే మమకారం. కెట్టరింగ్ దగ్గర్లో న్యూటన్ అనే చోట పొలాల మధ్య పాడుబడ్డ పాత చర్చి కోసం ఏళ్ల పాటు పెద్దలతో కాగితాల యుద్ధం చేశాడు. అనుమానం గారికి ఒక మాట: ఆ కాగితాల యుద్ధం నేర్పిందెవరు? హెడ్మాస్టరు కుర్చీయే కదా!

అనుమానం (సోమవారం, ఉదయం 7:05)

సరే, అర మార్కు ఇస్తున్నాను.

లెస్టర్‌గోదారి (సోమవారం, మధ్యాహ్నం 2:30)

కొంచెం పక్కదారి, మోడరేటర్ గారు మన్నించాలి. కెట్టరింగ్‌కి మన తెలుగుతో చిన్న బంధం ఉంది. 1792 అక్టోబరులో బాప్టిస్టు మిషనరీ సొసైటీ ఆ ఊళ్లోనే పుట్టింది. దాని తరఫున వచ్చిన విలియం కేరీ ఆ జిల్లావాడే, అంతకుముందు జోళ్లు కుట్టుకుంటూ పల్లెబడిలో పిల్లలకి చదువు చెప్పినవాడు. బెంగాల్‌లోని సెరాంపూర్‌లో స్థిరపడి 1814లో తెలుగు వ్యాకరణం అచ్చు వేశాడు. ఆ జిల్లా పంతుళ్లకి సొంత ప్రెస్సు పిచ్చి పాతదేనేమో.

బడిగంట (మంగళవారం, రాత్రి 9:48)

హార్పోల్ రిపోర్ట్ మా అమ్మాయి ఫోన్లో వేసి ఇచ్చింది. అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుతున్నాను. ఇంగ్లీషు అక్కడక్కడా తిప్పలు పెడుతోంది గానీ ఆఫీసు ఉత్తరాల దగ్గర మాత్రం ఒక్క మాట కూడా అడగాల్సిన అవసరం రాలేదు. "మీ ఉత్తరం అందినది, పరిశీలనలో ఉన్నది" ఏ దేశంలో అయినా ఒకటే.

కేర్‌టేకర్ థీకర్ దగ్గరికి వచ్చేసరికి గట్టిగా నవ్వాను. మా ఆవిడ ఏమైందని లోపల్నుంచి వచ్చింది. పేరు చెప్పను గానీ నా సర్వీసులో ఒక అటెండర్ ఉండేవాడు. బీరువా తాళం మొలతాడుకి కట్టుకునేవాడు. ఇన్‌స్పెక్షన్ రోజున సరిగ్గా పదిన్నరకి వాళ్ల మేనమామకి బాగోలేదని వెళ్లిపోయాడు, రిజిస్టర్లన్నీ లోపల. ఆఫీసరు గారు కుర్చీలో, నేను బీరువా ముందు. ఆ కథ మా ఆవిడకి ఇప్పటికి వందసార్లు చెప్పి ఉంటాను. "రాయకూడదూ, ఊరికే నాకు చెప్పేబదులు" అంది.

లెస్టర్‌గోదారి గారూ, ఆ బుల్లి పుస్తకం ఒక్కటి ఎంతవుతుందో, పోస్టు ఖర్చు ఎంతో ఇన్‌బాక్స్‌లో చెప్పండి. క్లేర్ కవితలదే కావాలని లేదు, ఏదైనా పర్లేదు. పిన్నులు ఎలా కొట్టాడో చూడాలి.